నల్ల బియ్యానికి మూడు పాలిష్‌లు

రంగున్న గింజ కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా ఉద్యోగమే అది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పందొమ్మిదేళ్లుగా క్వాలిటీ చూస్తున్నాను. మా దగ్గర సార్టెక్స్ అని ఒక మెషీన్ ఉంటుంది. బియ్యం దాంట్లోంచి జలజలా జారుతుంటే లోపలి కెమెరాలు ఒక్కో గింజనూ చూస్తాయి. ఎర్రదో, నల్లదో, పసుపు తిరిగిందో ఒక్కటి కనబడితే చాలు, టప్‌మని గాలి కొట్టి పక్కకు నెట్టేస్తాయి. ఆ మెషీన్‌ను కూడా నేను నమ్మను. కింద నుంచి గుప్పెడు బియ్యం ట్రేలోకి తీసుకుని వెలుతురులో పెట్టి మళ్లీ చూస్తాను. ఒక్క నల్ల గింజ దొరికిందా, ఆపరేటరుకు ఆ పూట నా చేతిలో మూడినట్టే. "సార్‌వి కండ్లు గావురా, సూదులు" అని హమాలీలు నా వెనక అంటారని తెలుసు. నా మొహం మీదే అన్నా నాకేం బాధ లేదు.

ఇంట్లోనూ అదే వరస. అన్నం మల్లెపువ్వులా లేకపోతే కంచం ముందు నుంచి లేచిపోయేవాణ్ణి. మల్లెపువ్వులా ఉంటే మాత్రం లేపినా లేచేవాణ్ణి కాదు. అది ఎక్కడికి పోతుంది, నడుం చుట్టూ చేరింది. నా నోటి దురుసు చూసి మిల్లులో చాలాకాలంగా "సార్‌కు జర కొవ్వెక్కువ" అంటుండేవారు. నాకు నలభై మూడేళ్లప్పుడు హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో స్కానింగ్ తీసి అదే మాట కాగితం మీద రాసిచ్చారు. కాలేయంలో కొవ్వు ఎక్కువ. నా భార్య ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేను గిన్నేండ్ల సంది నోటితోని చెప్తున్న. వీళ్లు మిషన్ పెట్టి చెప్పిన్రు. గంతే తేడా."

ఇద్దరం నవ్వాం. కానీ ఎక్కువసేపు నవ్వలేకపోయాం. ఎందుకంటే ఆ స్కానింగ్ నా కోసం తీయించుకున్నది కాదు, మా అక్క కోసం.

మా అక్క నాకంటే ఏడేళ్లు పెద్ద. కోదాడలో కర్రీ పాయింట్ నడుపుతుంది. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు, కిరాయి గదుల్లో ఉండే సార్లు, మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఆమె రేకుల షెడ్డు ముందు డబ్బాలు పట్టుకుని నిలబడతారు. పెళ్లై కోదాడ పోయి ఇరవై ఏడేళ్లు. ఆంధ్ర పక్కనే ఉంది కదా, ఆమె మాట సగం అటు తిరిగింది. మేము పుంటికూర అనేదాన్ని ఆమె గోంగూర అంటుంది. "నువ్వు ఆంధ్రదానివైనవ్ అక్కా" అని నేను వెక్కిరిస్తే, "ఏ పేరుతో పిలిచినా గిన్నె నాకేసి పోతావు కదరా" అని ఆమె. బావ పోయాక ఆ షెడ్డే ఆమెకు సంసారం. పిల్లలు లేరు. ఆమెతో నెత్తురు పంచుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఎప్పుడో ఒంట్లో చేరిన కామెర్ల వైరస్ చప్పుడు చేయకుండా ఆమె కాలేయాన్ని తినుకుంటూ వచ్చింది. మాకు తెలిసేసరికి కాళ్లు వాచాయి, కడుపులో నీరు చేరింది. హైదరాబాద్ డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. మందులతో కొన్ని నెలలు నెట్టుకురావచ్చు, బతకాలంటే మాత్రం కాలేయం మార్చాలి. దగ్గరివాళ్లు ఎవరైనా అందులో ఒక భాగం ఇస్తే చాలు, ఇచ్చినవాళ్లకు అది మళ్లీ పెరుగుతుంది. ఆయన మాట పూర్తి కాకముందే నేను చెయ్యెత్తేశాను. అక్క నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. మళ్లీ ఎత్తాను. రక్తం గ్రూపు కలిసింది, వయసు సరిపోయింది, అన్నీ బాగున్నాయన్నారు. చివరికి వచ్చి ఈ కొవ్వు దగ్గర ఆగింది.

రిపోర్టు రోజు నేనొక్కణ్ణే వెళ్లాను. "ఇలాంటి కాలేయం కోసి పెడితే ఆమె ఒంట్లో సరిగ్గా పని చేయకపోవచ్చు. మీకు కూడా ప్రమాదం" అన్నాడు డాక్టరు. "మూడు నెలలు చూద్దాం. ఒక పది కిలోలు తగ్గి రండి. కొవ్వు కరిగితే ఆపరేషన్ చేద్దాం. కరగకపోతే..." అని నా మొహం చూసి ఆపేశాడు. కరగకపోతే ఏమిటో నాకు చెప్పాల్సిన పని లేదు.

అక్కకు ఈ సంగతి చెప్పలేదు. ఇంకా ఏవో పరీక్షలున్నాయని అబద్ధమాడాను. చెబితే ఆమె అదే సందు అనుకుని "వద్దులేరా" అనేస్తుంది, నాకు తెలుసు. ఆమెకు "వద్దు" అనే అవకాశం ఇవ్వకూడదని పంతం పట్టాను.

వారం వారం హైదరాబాద్ రావడం కష్టమంటే, సూర్యాపేటలో ఒక డైటీషియన్ దగ్గరికి పంపారు. వెళ్లి చూస్తే చిన్నపిల్ల. పాతికేళ్లుంటాయేమో. ఈమె నాకేం చెబుతుందిలే అనుకుంటూ కూర్చున్నాను.

"పొద్దున ఏం తింటారు సార్?"

"అన్నం."

"మధ్యాహ్నం?"

"అన్నం."

"రాత్రి?"

"ఏం తింటం మేడం, అన్నమే గద."

ఆమె నవ్వకుండా రాసుకుంది. తర్వాత విడమరిచి చెప్పింది. మనం ఖర్చు చేయగా మిగిలిన అన్నాన్ని, చక్కెరను కాలేయం కొవ్వుగా మార్చి కొంత తనలోనే దాచుకుంటుందట. అందుకని అన్నం తగ్గించడం, రోజూ నడవడం, అసలు పని చేసేవి ఈ రెండే. వాటికి తోడు రంగులు తినమంది.

"రంగులా?" అన్నాను. నా ముందు ఆ మాట ఎవరూ అంత ప్రేమగా అనగా వినలేదు.

ఆకుకు, కాయకు, గింజకు రంగునిచ్చే పదార్థాల్లో చాలావరకు యాంటీఆక్సిడెంట్లట. కాలేయంలో కొవ్వు పేరుకుంటే లోపల ఒక రకమైన మంట రేగి కణాలు దెబ్బతింటాయట. ఆ మంటను ఇవి కొంత చల్లారుస్తాయి. అంతేకాదు, ఒంట్లో కొత్త కొవ్వు తయారయ్యే పనికి కొంచెం అడ్డం పడతాయని, ఉన్న కొవ్వు ఖర్చవడానికి కొంచెం సాయపడతాయని పరిశోధనల్లో కనబడిందట. ఎలుకల్లో బాగా కనబడింది, మనుషుల్లో కొద్దిగానే అని కూడా ఆ పిల్ల దాచకుండా చెప్పింది. అప్పుడే ఆమె మీద నాకు గురి కుదిరింది.

"మా మిల్లుల ఎలుకలు తెల్ల బియ్యం తిని గుండ్రంగ అయినయ్ మేడం. వాటికి గూడ ఒక చీటి రాయిండ్రి" అన్నాను. ఈసారి నవ్వింది. నేను అసలు ప్రశ్నకు వచ్చాను. "గీ యాంటీఆక్సిడెంట్లు ఎంత తింటే ఒక కిలో తగ్గుతది?"

"అలాంటి లెక్క లేదు సార్. అదేం మంత్రం కాదు. తిండిలో భాగంగా తినాలంతే. ఇంకోటి, ఆ సారం ఈ సారం అని క్యాప్సూళ్లు, పొడులు అమ్ముతుంటారు. వాటి జోలికి పోవద్దు. ఆకుగా తింటే మంచిదే. బుట్టెడు ఆకుల సారం ఒక్క గోలీలో పెట్టి మింగితే దాన్ని మోయాల్సింది మళ్లీ కాలేయమే. మీ కాలేయం ఇప్పుడు మీ ఒక్కరిది కాదు."

ఆ చివరి మాటకు నేను చీటీ కోసం చెయ్యి చాపాను. ఆమె రాసిచ్చిన చీటీలో పుంటికూర, మునగాకు, గంగవాయిలి కూర, ఉసిరికాయ, ఉల్లి, టమాట అన్నీ ఉన్నాయి. చివరి వరసలో నల్ల బియ్యం అని ఉంది. అన్నం తినకుండా ఉండలేనన్నాను కదా, పూటకు ఒక గుప్పెడు నల్ల బియ్యం వండుకొమ్మంది. "ఆ నలుపే మీకు కావలసింది సార్. పై పొరలో ఉంటుంది."

నల్ల గింజ ఏరి పారేసి పందొమ్మిదేళ్లు జీతం తీసుకున్నవాడికి ఆ చీటీ చేతిలో పెట్టింది. బస్సులో మిర్యాలగూడ వచ్చేదాకా నన్ను చూసి నాకే నవ్వొచ్చింది.

నల్ల వడ్లు ఎక్కడ దొరుకుతాయో నా భార్యే కనుక్కుంది. వాడపల్లి దగ్గర ఆమె పుట్టింటివాళ్లకు తెలిసిన రైతు ఒకాయన అరెకరంలో వేశాడు. మాకు రెండు బస్తాలు ఇచ్చాడు. మా మిల్లులో రెండు బస్తాలు పోస్తే మెషీన్ అడుగు కూడా తడవదు. అందుకని మా వీధి చివర వడ్లు పట్టే చిన్న గిర్నికి పంపించాను. ఆ గిర్ని మేస్త్రి పదేళ్లు మా మిల్లులో నా కిందే పని చేశాడు. పనిమంతుడు. ఆ రోజు మా గేట్లో లారీలు వరసగా ఉన్నాయి, తీరిక లేక ఫోన్‌లోనే చెప్పాను.

"ఇంట్లకు తినెటందుకు. జర మంచిగ పట్టు."

"మీరు చెప్పాల్నా సార్!" అన్నాడు.

మంచిగ పట్టు. ఈ ఒక్క మాటే కొంప ముంచింది. పొట్టు మాత్రం తీసి నలుపు ఉంచు అనాలి. కానీ మిర్యాలగూడలో మంచి బియ్యం అంటే తెల్ల బియ్యమే, ఇంకో అర్థం లేదు. ఆ అర్థం మేస్త్రి బుర్రలోకి ఎక్కించినవాణ్ణి కూడా నేనే.

సాయంత్రం మేస్త్రి తానే బస్తా బండి మీద పెట్టుకుని వచ్చాడు. నా భార్య మూతి విప్పి చూసి కొయ్యబారిపోయింది. లోపల తెల్లగా, అక్కడక్కడ బూడిద చారలతో, సగం నూకైపోయిన బియ్యం.

"ఒక్క పట్టుకు పోలేదు సార్, ఏం మొండి నలుపది!" మేస్త్రి మొహం వెలిగిపోతోంది. "రెండోసారి పట్టిన, జర తేటైంది. మీ సంగతి నాకెరుక గద. మూడోసారి పట్టిన. నూక జరంత ఎక్కువొచ్చింది గని, సూడుండ్రి, ఒక్క నల్ల గింజ దొరికితే నా చెంప పగలగొట్టుండ్రి."

తిట్టడానికి నోరు తెరిచాను. ఏమని తిట్టను? నా దగ్గర పదేళ్లు నేర్చుకున్న పని పొల్లుపోకుండా చేసి చూపించాడు. నా భార్య గడప మీద కూలబడి నవ్వుతోంది. నవ్వుతూ కళ్లు తుడుచుకుంటోంది. "నలుపు కోసమని వాడపల్లి దాక పోయి తెస్తి. మీ శిష్యుడు దాని పానం దీసిండు!"

అప్పుడు తట్టింది నాకు. నలుపు పోలేదు, తవుడులోకి పోయింది.

"తవుడేదిరా?"

"తవుడా సార్? ఇంటికి తోలిచ్చిన. మా బర్రెకు."

తవుడు సంగతి నాకు బాగా తెలుసు. గిర్ని నుంచి బయటపడ్డ కొన్ని గంటల నుంచే అందులోని నూనె చెడడం మొదలవుతుంది. తవుడు నూనె తీసేవాళ్లు అందుకే దాన్ని వెంటనే వేడి చేస్తారు. మేస్త్రిని వెనక కూర్చోబెట్టుకుని బండి ఉరికించాను. వెళ్లేసరికి అతని భార్య తొట్టిలో కుడితి కలుపుతోంది. పక్కన బస్తాలో నల్లటి తవుడు, దాని మీద బర్రె మెడ చాచి ఉంది.

"ఆగమ్మా! పెట్టకు!" అని అరిచాను.

"ఎందుకు సార్?"

"ఆ తవుడు నాకు గావాలె."

"మీరు బర్రెను ఎప్పుడు కొన్నరు సార్?"

"బర్రె లేదు. నేనే తింట."

ఆమె చేతిలో చేట చేతిలోనే ఉండిపోయింది. నా వైపు ఒకసారి, భర్త వైపు ఒకసారి చూసి, నాకు వినబడదనుకుని అడిగింది. "సార్ పానం మంచిగనే ఉందా?"

అప్పటికే బర్రె ఒక తట్టెడు మేసేసింది. మిగిలింది మూట కట్టుకుని వస్తుంటే అది నా వెనకే అరిచింది. దాని నోటికాడ కూడు లాక్కున్నానని ఇప్పటికీ నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

నా భార్య ఆ తవుడు రెండుసార్లు జల్లించి, మూకుట్లో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి డబ్బాల్లో పోసింది. జొన్నపిండిలో కలిపి రొట్టె చేసింది. ఇంకో చెంచా మజ్జిగలో కలిపి, ఆ నూకల అన్నం గుప్పెడంత పెట్టి దాని మీద పోసిచ్చింది. మొదటి ముద్ద ఇసుక నమిలినట్టుంది. ఊసేద్దామని చూశాను. ఆమె ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. మింగాను. మూడు పాలిష్‌లు పెట్టి విడదీసినదాన్ని మా ఇంట్లో మళ్లీ ఒకే కంచంలో కలుపుకున్నాం. సూర్యాపేటలో ఈ కథ చెబితే డైటీషియన్ పిల్ల పెన్ను కింద పెట్టి మరీ నవ్వింది. తర్వాత జల్లించారా, వేయించారా, పురుగు పట్టకుండా ఉందా అని అన్నీ అడిగి, రోజుకు రెండు చెంచాలు మించొద్దని చెప్పింది.

పొద్దున్నే సాగర్ కాలువ కట్ట మీద నడిచేవాణ్ణి. మొదట్లో కిలోమీటరుకే ఆయాసం వచ్చి రాయి మీద కూర్చునేవాణ్ణి. నెల తిరిగేసరికి నాలుగు కిలోలు తగ్గాను.

పదిహేను రోజులకోసారి సూర్యాపేటలో తూకం చూపించుకుని, హైవే మీద బస్సెక్కి కోదాడ వెళ్లి అక్కను చూసి వచ్చేవాణ్ణి. గొడవ అక్కడ మొదలైంది. వాచిన కాళ్లతో కుర్చీలో కూర్చుని పనివాళ్లకు పురమాయిస్తున్న మనిషి, నేను వస్తున్నానంటే మాత్రం లేచి తన చేత్తో వంకాయ కూర వండేది. పైన నూనె తేలుతూ ఉండేది. అది నా ప్రాణం. "తినొచ్చిన అక్కా" అనేవాణ్ణి. ఒకసారి ఊరుకుంది. రెండోసారి మూతి ముడుచుకుంది. మూడోసారి గరిటె గిన్నెలో పడేసింది.

"ఏంట్రా నీ కథ? మొహం పీక్కుపోయింది, బెల్టుకు కొత్త బెజ్జాలు పొడుచుకున్నావు, నా చేతి ముద్ద ముట్టుకోవట్లేదు. నా రోగం అంటుకుంటుందనుకుంటున్నావా? భయపడి చిక్కిపోతున్నావా? ఇవ్వాలని లేకపోతే లేదని చెప్పు. నేనేం అనుకోను. ఇలా దొంగతనంగా దూరం జరగడమెందుకు?"

ఒళ్లు మండిపోయింది నాకు. ఇన్నాళ్ల పంతం ఒక్క క్షణంలో గాలికి పోయింది.

"ఇయ్యనీకే తగ్గుతున్న!" అని అరిచాను. "నా కాలేయం నిండ కొవ్వుందంట! గది కరగకపోతే నీకు పనికి రాదంట! పనికొచ్చేటట్టు చెయ్యనీకె బర్రె దగ్గర తవుడు గుంజుకొచ్చి తింటున్న, తెల్సా!"

డబ్బాలు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లంతా మా వైపు తిరిగారు. అక్క పొయ్యి ఆపేసింది. కుర్చీలో కూర్చుంది. చెయ్యి చాపింది. "ఆ చీటీ ఏది?"

అద్దాలు పెట్టుకుని వరస వరస చదివింది. "గోంగూర రాసింది. నూనె ఎంతని రాయలేదే?"

"ఒక్క చెంచా."

"ఒక్క చెంచాతో గోంగూర ఎవరు వండుతార్రా?"

"నువ్వే" అన్నాను.

ఆ మర్నాటి నుంచి కోదాడ నుంచి వచ్చే పొద్దుటి బస్సులో నాకు డబ్బా రావడం మొదలైంది. కండక్టరు మా మిల్లు గేటు దగ్గర బస్సు నెమ్మది చేసి అందించి పోయేవాడు. ఒకరోజు గంగవాయిలి పప్పు, ఒకరోజు మునగాకు, ఒకరోజు ఉసిరికాయ పచ్చడి. చెంచా నూనెతో చేసినవే, కానీ ఎలా చేసిందో ఏమో, వేళ్లు నాకించేవి. నేను డబ్బా విప్పగానే హమాలీలు చుట్టూ చేరేవాళ్లు. "సార్ మేకల పార్టీల జేరిండు" అని ఒకడు, "ఇగ తిట్లు బంద్, మే అనుడే" అని ఇంకొకడు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు, మే అని అరిచి చూపించేవాణ్ణి.

అంత సరదాలోనూ రోజులు దగ్గరపడుతున్నాయి. అక్క కడుపులో నీరు రెండుసార్లు తీయించాం. కళ్లు పచ్చబడ్డాయి. షెడ్డు పని పూర్తిగా మనుషుల మీద వదిలేసి, నా డబ్బా ఒక్కటి మాత్రం తాను వండేది. ఇటు నా తూకం ఎనిమిదిన్నర కిలోలు తగ్గి అక్కడే మొండికేసింది. వారం గడిచినా ముల్లు కదలదు. నాకు భయమేసింది. ఇన్నాళ్లూ తిన్న తిండి మా అక్క ప్రాణానికి అడ్డం పడిందే అని ఒక పొద్దున కాలువ కట్ట మీద నిలబడి ఏడ్చాను. ఎదురుగా వచ్చిన మనిషి కంట్లో నలుసు పడిందా అన్నాడు. అవునన్నాను.

"తూకం ఒక్కటే చూడకండి సార్. లోపల ఏముందో ముఖ్యం. వెళ్లి స్కాన్ తీయించుకోండి" అని సూర్యాపేట పిల్ల ధైర్యం చెప్పింది.

ఈసారి అక్కను కూడా తీసుకుని హైదరాబాద్ వెళ్లాను. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి పోయాను. డాక్టరు రిపోర్టు చూస్తూ తలూపాడు. తొమ్మిది కిలోలు తగ్గానట. కాలేయంలో కొవ్వు చాలావరకు పోయిందట. ఆపరేషన్ చేయొచ్చు.

ఎగిరి గంతేయాలనిపించింది. కానీ క్వాలిటీ బుద్ధి ఎక్కడికి పోతుంది? "ఏది పని చేసింది సార్? నల్ల తవుడా, ఆకులా?" అని అడిగాను.

"ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేం" అన్నాడు. "నడక, అన్నం తగ్గించడం పెద్ద పని చేశాయి. మీ ఆకులు, తవుడు పక్కన నిలబడి చెయ్యి వేశాయనుకోండి."

బయటికి వచ్చి చెప్పాను. "అక్కా, అయిపోయింది! కొవ్వు కరిగింది! చేస్తనన్నడు!"

అక్క నవ్వలేదు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంతోషపు ఏడుపు కాదని చూడగానే తెలిసింది. పక్కన కూర్చున్నాను.

"ఏందక్కా, ఏమైంది?"

"నువ్వు తగ్గకూడదని మొక్కుకున్నానురా" అంది. "రోజూ. డబ్బా మూత పెట్టేటప్పుడు ఒకసారి, బస్సు కదిలేటప్పుడు ఒకసారి. వీడి కొవ్వు కరగకూడదు, వీణ్ణి బల్ల మీద పడుకోబెట్టి నా కోసం కోయకూడదు అని. డాక్టరే కుదరదంటే నేను నిన్ను వద్దనక్కర్లేదు కదా అని."

డబ్బాలు మొదలైనప్పటి నుంచి నేను ఒకవైపు లాగుతుంటే ఆమె ఇంకోవైపు లాగుతోందన్నమాట. అదీ నాకు వండి పెడుతూ.

"మరి గన్ని డబ్బాలెందుకు పంపినవ్? నూనె ఎక్కువ పోస్తే అయిపోయేది గద?"

"పోద్దామనే కూర్చునేదాన్ని" అంది. "నూనె సీసా చేతిలోకి తీసుకుని మళ్లీ పక్కన పెట్టేసేదాన్ని. ఏం చేయనురా, నాకు బతకాలని కూడా ఉంది."

ఆ మాట చెప్పడానికి ఆమె ఎంత సిగ్గుపడిందో! ఏదో తప్పు చేసి దొరికినట్టు తల వంచుకుంది. ఇన్నేళ్లుగా ఊరందరికీ వండి పెట్టిన మనిషి, తన కోసం ఒక్కటి కావాలని నా ముందు నోరు తెరవడం అదే మొదటిసారి. నాకు ఏడుపు, కోపం, ప్రేమ అన్నీ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"ఉంటే తప్పేంది? నాకు గూడ నువ్వు బతకాలనే ఉంది. ఇగ ఇద్దరం ఒక్కదిక్కున్నం. లే, లోపలికి పోదాం" అన్నాను.

డాక్టరు ముందు నన్ను, తర్వాత ఆమెను విడివిడిగా అడిగాడు. ఎవరి బలవంతం లేదు కదా అని. తర్వాత కాగితాలు ముందు పెట్టాడు. నేను గబగబా సంతకం చేసి పెన్ను అక్కకు ఇచ్చాను. ఆమె పెన్ను పట్టుకుని నా మొహం వైపు చూస్తూనే ఉంది. నేను కళ్లతోనే గదిమాను. అప్పుడు వంగి, చిక్కిపోయిన చేత్తో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది.

అదే చెయ్యి, ఆపరేషనైన ఆర్నెల్లకు, మొన్న ఆదివారం కోదాడలో, కర్రీ పాయింట్ ముందు నలుగురూ చూస్తుండగా, కూరలో ఉప్పు తక్కువైందన్నందుకు నా వీపు మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే తగిలింది.